ఒంటరి కెరటం కథ

ఎర్ర సముద్రం ఒడ్డున కాపురముంటున్న మనకు కెరటం కొత్తది కాదు. లేవడం, విరగడం, నురగై పోవడం దాని స్వభావమనే అనుకుంటాం. కాని విరగకుండా, చెదరకుండా, ఒంటరిగా మైళ్లకొద్దీ సాగిపోయే కెరటం కూడా ఒకటుంది. దాని విలువ లోకానికి తెలిసేసరికి 130 ఏళ్లు పట్టింది.

1834లో జాన్ స్కాట్ రస్సెల్ అనే స్కాట్లండు ఇంజనీరు, ఎడింబరో దగ్గర యూనియన్ కాలువలో గుర్రాలు లాగుతున్న పడవను గమనిస్తున్నాడు. పడవ ఉన్నట్టుండి ఆగిపోయింది. నీరు మాత్రం ఆగలేదు. పడవ ముందు గుమిగూడి, నున్నని దిబ్బలా లేచి, తన దారిన తాను సాగిపోయింది. పొడవు సుమారు 30 అడుగులు, ఎత్తు అడుగు, అడుగున్నర. రస్సెల్ గుర్రమెక్కి వెంబడించాడు. గంటకు 8, 9 మైళ్ల వేగంతో పోతున్న ఆ కెరటం ఒకటి రెండు మైళ్ల తర్వాత కాలువ మలుపుల్లో కనుమరుగైంది. ఆయన అంతటితో వదల్లేదు. తొట్టెలు కట్టించి ప్రయోగాలు చేశాడు. కెరటం ఎంత ఎత్తయితే అంత వేగమని తేల్చి, 1844లో నివేదిక ఇచ్చాడు.

పెద్దలు ఒప్పుకోలేదు. రాజఖగోళ శాస్త్రజ్ఞుడు ఎయిరీ కాదన్నాడు. స్టోక్స్ సందేహించాడు. 1871లో ఫ్రాన్సు దేశపు బూసినెస్క్ లెక్కగట్టి రస్సెల్ మాటే నిజమన్నాడు. 1895లో హాలండుకు చెందిన కోర్టవెగ్, ఆయన శిష్యుడు డి వ్రీస్ ఈ కెరటానికి సమీకరణం రాశారు. అందులోని కిటుకు ఇది: కెరటంలో ఎత్తైన భాగం ముందుకు ఉరికి విరిగిపోవాలని చూస్తుంది, అందులోని పొడుగు, పొట్టి అలలు వేర్వేరు వేగాలతో పోయి దాన్ని పలచబరచాలని చూస్తాయి. ఆ రెండూ సరితూగిన చోట కెరటం చెక్కు చెదరదు.

ఆ తర్వాత చాలాకాలం దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. అమెరికాలోని లాస్ అలమోస్‌లో ఫెర్మీ, పాస్తా, ఉలాం కంప్యూటరుతో చేయించిన ఒక లెక్క 1955లో నివేదికగా వెలువడింది. స్ప్రింగులతో కలిపిన గొలుసు ఊగితే, శక్తి క్రమంగా అన్ని రకాల ఊపుల్లోకీ పంపిణీ అవుతుందని వారి అంచనా. తీరా చూస్తే కొంతసేపటికి దాదాపు అంతా మొదటి ఊపులోకే తిరిగొచ్చింది! ఆ ప్రోగ్రాము రాసిన మేరీ సింగూ పేరు నివేదిక రచయితల్లో కనిపించదు. ఈ చిక్కు విప్పబోయిన జబుస్కీ, క్రుస్కల్ 1965లో కోర్టవెగ్-డి వ్రీస్ సమీకరణాన్నే చేరుకున్నారు. రెండు ఒంటరి కెరటాలు ఢీకొన్నా, ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయి మళ్లీ తమ రూపాలతోనే బయటపడ్డాయి. ఉన్న చోటు మాత్రం కాస్త జరిగింది. వాటికి ‘సాలిటాన్’ అని పేరు పెట్టారు. వైద్యుడిగా నాకు వెంటనే తోచే పోలిక నరం. నరంలో పరుగెత్తే సంకేతం కూడా రూపం చెడకుండా పోతుంది. కాని ఎదురెదురుగా వచ్చిన రెండు సంకేతాలు కలిస్తే రెండూ అక్కడే అంతరిస్తాయి. సాలిటాన్లు అంతరించవు.

ఇలాంటి కెరటాలు సముద్ర గర్భంలోనూ ఉన్నాయి. పైనున్న వెచ్చని నీటికీ, కిందనున్న చల్లని నీటికీ నడుమ అవి నడుస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లాఫాండ్, పూర్ణచంద్రరావు గార్లు సముద్రపు లోపలి ఉష్ణోగ్రత పొరలు ఆటుపోట్ల వేళలతో పైకీ కిందికీ ఊగడం గురించి 1954లోనే రాశారు. బంగాళాఖాతానికి ఆవలనున్న అండమాన్ సముద్రంలో 60 మీటర్ల ఎత్తు లోపలి సాలిటాన్లను ఆస్బోర్న్, బర్చ్ 1980లో వర్ణించారు. ఇక మన జెద్దాకు ఉత్తరాన తువల్‌లో 2009లో తెరిచిన కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం పరిశోధకులు, దక్షిణ ఎర్ర సముద్రంలో ఇవి ఎలా పుడుతున్నాయో 2016లో వివరించారు. గాజు తీగల్లో కాంతి కూడా సాలిటాన్‌గా పోగలదని 1973లో ఊహించారు, 1980లో నిరూపించారు.

మన ఇళ్లలో పిల్లలు లెక్కల్లో చురుగ్గా ఉంటే ఇంజనీరింగో మెడిసినో అంటాం. గణితమే చదువుతానంటే, ‘దానివల్ల ఏమొస్తుంది?’ అని అడుగుతాం. రస్సెల్ వెంట ఉన్నవారూ ఆ మాటే అని ఉంటే, ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. డాక్టరేటు పొందిన డి వ్రీస్ ఆ తర్వాత హాలండులో బడిపంతులుగానే జీవితం గడిపాడు. ఆయన పేరు ఇవాళ కెరటాల శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. పిల్లలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినా, వారిని చదవనిద్దాం.