మోటుపల్లి శాసనాలలో ఓడసొమ్ము: ‘అభయం’ అర్థవిస్తృతి

పగిలిన ఓడనుండి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును తీసుకొన్నవాడు దొంగా, హక్కుదారా? తెలుగు తీరంలో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది మోటుపల్లి. నేటి బాపట్ల జిల్లాలోని ఆ రేవులో కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244–45లో వేయించిన అభయశాసనం పూర్వపు ఆచారాన్ని దాచదు. దేశాంతరం పోతూ తుఫానుకు చిక్కి, భగ్నమై తీరం చేరిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ పూర్వరాజులు బలవంతంగా హరించేవారని అది చెబుతుంది. ఇక్కడ ఆక్షేపణకు గురైనవారు జాలరులు కారు, సముద్రపు దొంగలూ కారు, రాజులే. రాజహక్కుగా సాగిన స్వాధీనాన్ని మరొక రాజే బలవంతపు అపహరణగా పేర్కొనడం ఈ శాసనంలోని అసలు విశేషం.

ప్రాణంకన్న ధనమే మిన్న అని సముద్రయానానికి తెగించిన వర్తకులకు, నిర్ణీత సుంకం మినహా అంతా విడిచిపెట్టినట్లు గణపతిదేవుడు ప్రకటించాడు. దయ, కీర్తి, ధర్మం కారణాలుగా చెప్పుకొన్నాడు. ఓడలు రాని రేవుకు సుంకమూ రాదన్న లెక్క చెప్పకుండానే తెలుస్తుంది. శరణాగతరక్షణను సూచించే ‘అభయం’ ఆ విధంగా వర్తకపు హామీ అయింది.

ఇంగ్లండులో 1275నాటి చట్టం ఓడలో మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణాలతో మిగిలితే దానిని స్వామిలేని సొత్తుగా లెక్కించరాదన్నది. మోటుపల్లిలోనూ వివాదమంతా ఆ స్వామిత్వం మీదనే. 1358లో అనపోతారెడ్డి అదే రేవులో ‘అపుత్రిక’ను, అనగా కొడుకులు లేక మరణించినవాని ఆస్తిని రాజు గ్రహించే ఆచారాన్ని, రద్దుచేశాడు.