పాత్ర, అంతస్తు, మాట

ఈనాటి కళాశాల విద్యార్థులు కంప్యూటరు మీద ఆడే ఆటల్లో ఒక రకం ఉంది. ఆట ప్రారంభానికి ముందే ఆటగాడు తన పాత్రను నిర్ణయించుకోవాలి: యోధుడా, మంత్రగాడా, గాయకుడా, అడవిమనిషా అని. దీన్ని ‘క్లాస్’ అంటారు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఈ పద్ధతికి మూలం. బెల్జియం దేశపు లారియన్ సంస్థ 2023లో విడుదల చేసిన ‘బాల్డర్స్ గేట్ 3’లో ఈ ఎంపిక ఆయుధంతో ఆగదు, నోటిమాట దాకా వస్తుంది. తెర మీద కనిపించే జవాబుల్లో కొన్ని గాయకుడికే దక్కుతాయి, కొన్ని అడవిమనిషికే. 1997 నాటి ‘ఫాలౌట్’లోనైతే పాత్రకు తెలివి మరీ తక్కువ కేటాయిస్తే వాడి నోట సరైన వాక్యమే రాదు, మూలుగులే మిగులుతాయి.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఎవరి నోట ఏ భాష పలకాలో అంతస్తును బట్టి ముందే విధించడం మన నాటకానికి పాత అలవాటు. రాజులకూ బ్రాహ్మణులకూ సంస్కృతం, స్త్రీలకూ సేవకులకూ ప్రాకృతం అన్నది నాట్యశాస్త్ర సంప్రదాయం. నిండు సభలో దుష్యంతుడు తనను ఎరగనన్నప్పుడు శకుంతల అతణ్ణి నిలదీస్తుంది. న్యాయం ఆమె పక్షాన ఉంది. భాష మాత్రం ప్రాకృతమే. ఉంగరం దొరికిన జాలరిది ఇంకా కింది మెట్టు. సడలింపులు లేకపోలేదు. మృచ్ఛకటికంలో వేశ్య అయిన వసంతసేన కొన్ని చోట్ల సంస్కృతం పలుకుతుంది. అయితే సడలింపు అనేది పైవారు అనుగ్రహించేది. దాన్ని హక్కుగా భ్రమించరాదు.

తెలుగులో ఈ సమస్య 1897లో స్పష్టంగా ముందుకు వచ్చింది. ఆ ఏడు వేదం వెంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయం వెలువడింది. శాస్త్రిగారు గ్రాంథిక పక్షానికి పెద్దదిక్కు. అయినా రాజు పోలికలున్న చాకలి పేరిగాడి వంటి పాత్రలకు వారు వాడుకమాటే పెట్టారు. పాత్రోచిత భాష అని సమర్థించుకున్నారు. ఇది ముందడుగే, చాకలి మాట అచ్చులోకి ఎక్కింది. కాని ఎలా ఎక్కింది? తక్కువతనానికి గుర్తుగా ఎక్కింది. ముఖం రాజును పోలినా, నోరు విప్పితే మెట్టు బయటపడుతుంది.

గురజాడ కన్యాశుల్కం అచ్చయినదీ అదే 1897లో. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన ఆ నాటకం, 1909లో పెంచి మార్చిన కూర్పుతో నేటి రూపం పొందింది. అందులో అగ్నిహోత్రావధాన్లు దగ్గరనుంచి నౌకర్ల వరకు అందరిదీ వాడుక భాషే. అంతకంటె గమనించదగిన విషయం మరొకటుంది. గిరీశం వెంకటేశం ముందు ఇంగ్లీషు గుప్పిస్తాడు, బుచ్చమ్మ ముందు సంస్కర్త అవుతాడు, అవధాన్ల ముందు వినయం ఒలకబోస్తాడు. మాట అతనికి పుట్టుకతో వేసిన ముద్ర కాదు, అవసరానికి తీసే పనిముట్టు. మధురవాణి మారువేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి ఆ వకీలుతోనే వాదిస్తుంది. వేశ్యకు లోకం కేటాయించిన మాటల జాబితా ఆమె దగ్గర చెల్లదు.

అంతస్తును బట్టి మాట మారడం జీవిత సత్యం కాదా అని అడగవచ్చు. నిజమే. శ్రమ, చదువు, ఊరు మనిషి మాటను మలుస్తాయి. కాని బతుకులోంచి వచ్చిన మాట వేరు, పాత్ర మెడలో వేలాడదీసిన చీటీ వేరు.

ఈ తేడా మన సీమవారికి బాగా తెలుసు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’ చిత్రాలలో జయప్రకాశ్ రెడ్డిగారు సీమ యాసను అద్భుతంగా పలికారు. అది ఆయన సొంత నేల మాట. కాని సినిమా వ్యాపారం ఆ ప్రతిభను ముఠా నాయకుడి ముద్రగా మార్చి ఏళ్ళ తరబడి అమ్ముకుంది. సీమలో పుట్టిన కథానాయకుడు సైతం ప్రేమమాట చెప్పవలసి వస్తే చాలాసార్లు పత్రికల తెలుగులోకి జారుకున్నాడు. ఫలితం ఏమిటి? ఎర్రగుంట్ల నాపరాతి గనుల్లో, సిమెంటు కర్మాగారాల్లో చెమటోడ్చేవారి బిడ్డ పట్నంలో ‘యాడికి పోతాండావు’ అనడానికి జంకుతాడు. అన్నాడంటే కొందరు నవ్వుతారు, కొందరు బెదురుతారు. ఆ మాటలో ఆలోచన ఉంటుందని ఎవరికీ తోచదు. కడప జిల్లా కథకుడు కేతు విశ్వనాథరెడ్డి (1939–2023), చిత్తూరు జిల్లా నామిని వంటివారు ఈ నేల మాటలో కరువును, అప్పును, మమతను వ్రాసి చూపించారు. వారి పాత్రలకు కత్తి అక్కరలేకపోయింది.

‘బాల్డర్స్ గేట్ 3’లో నూరు బంగారు నాణేలు చెల్లిస్తే క్లాస్ మార్చుకోవచ్చు. జీవితంలో అటువంటి అంగడి లేదు. కనుక నాటకమైనా, సినిమా అయినా, రేపు మన పిల్లలే తయారుచేయబోయే ఆటలైనా విమర్శకుడు ఒక ప్రశ్న వేయాలి: కిందివాడికి వాడి యాస ఇవ్వడంతో సరిపెట్టారా, ఆ యాసలోనే వాదించే, ప్రేమించే, లోకాన్ని విమర్శించే జవాబులు కూడా ఇచ్చారా? రెండోది జరిగినప్పుడే వాడు మనిషిగా మాట్లాడినట్టు.