కాంగ్రా లోయలో శ్రీకాకుళం డాక్టరు

1950లలో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో మెడ వాచిన మనుషులు ఊరూరా కనిపించేవారు. మంచునీళ్లూ వానలూ ఆ కొండ నేలల్లోని అయోడిన్‌ను యుగాలుగా కడిగేశాయి. అక్కడ పండే తిండిలో అది చాలదు. అయోడిన్ లేనిదే థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేయలేదు. హార్మోను తగ్గేకొద్దీ మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను ప్రేరేపించే టీఎస్‌హెచ్‌ను మరింతగా వదులుతుంది. దాంతో థైరాయిడ్ ఉబ్బుతుంది. అదే గాయిటర్. అంతకన్నా ఘోరం కడుపులోని బిడ్డకు జరిగేది. తల్లికి అయోడిన్ బాగా కొరవడితే బిడ్డ మెదడు సరిగా ఎదగదు, ఆ నష్టాన్ని తర్వాత ఏ మందూ పూడ్చలేదు.

శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో ఆ లోయను మూడు భాగాలు చేశారు. ఒకచోట పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరోచోట పొటాషియం అయోడేట్ కలిపినది, మూడోచోట మామూలు ఉప్పు ఇచ్చారు. మొత్తం లక్ష మందికి పైగా జనం. 1962 నాటికి మొదటి రెండుచోట్లా గాయిటర్ సగం మేర తగ్గింది. మూడోచోట తగ్గలేదు. అక్కడివాళ్లను అన్నేళ్లు అలా ఉంచడం నన్ను బాధిస్తుంది. ఇవాళ అలాంటి ప్రయోగానికి అనుమతి దొరకడం కష్టమే. ఫలితం తేలాక వాళ్లకూ అయోడిన్ ఉప్పే అందించారు. జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైందీ 1962లోనే.

ఇప్పుడు మన ఇళ్లలో ‘థైరాయిడ్ ఉంది’ అని మాత్ర వేసుకుంటున్నవారిలో చాలామందిది ఈ అయోడిన్ లోపం కాదు. వాళ్లలో ఒంటి రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని దెబ్బతీస్తుంది. దాన్ని హషిమోటో వ్యాధి అంటారు, ఆడవాళ్లలోనే ఎక్కువ. అలసట, మలబద్ధకం, చలిని తట్టుకోలేకపోవడం, నెలసరి తేడాలు కనిపిస్తాయి. ఉప్పు ఎక్కువ తిన్నా ఇది నయం కాదు, పైగా రక్తపోటు పెరుగుతుంది. తగ్గిన హార్మోనును మాత్రతో భర్తీ చేయాలి. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీకి కాసేపు ఆగాలి, ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భం వచ్చిందని మాత్ర మానేయడం చాలా ప్రమాదం. అప్పుడు సాధారణంగా మోతాదు పెంచాల్సి వస్తుంది.

కొందరు పిల్లలు థైరాయిడ్ సరిగా లేకుండానే పుడతారు. చూడటానికి మామూలుగానే ఉంటారు. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి రెండు చుక్కల రక్తం తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. రెండు వారాల్లోగా మందు మొదలుపెడితే ఆ బిడ్డల్లో అత్యధికులు అందరు పిల్లల్లాగే బడికి వెళ్లి చదువుకుంటారు.