ఎక్స్ కిరణములు బయటపెట్టిన బావినీటి వ్యాధి

వైద్యుడు రోగి నాడిని చూచును, నాలుకను చూచును, గుండెచప్పుడు వినును. కాని చర్మము వెనుకనున్న ఎముకను చూచుటకు 1895 వరకు అతనికి సాధనము లేదు. ఆ సంవత్సరము నవంబరులో జర్మనీ దేశస్థుడగు రంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. మొదట ఇవి విరిగిన ఎముకలను, దేహములో చిక్కుకొన్న తుపాకిగుండ్లను చూచుటకు ఉపయోగపడినవి. నలువది సంవత్సరములు దాటిన పిదప ఇవే కిరణములు తెలుగుదేశములో బావినీటి దోషమొకటి పట్టి యిచ్చినవి.

కృష్ణా డెల్టా గ్రామములకు కాలువనీరు కొత్త కాదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానములో ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చినది. విజయవాడకు నైరుతిదిశనున్న మెట్టసీమకు అట్టి భాగ్యము లేకపోయెను. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతముల ప్రజలు రాతినేలలో త్రవ్విన బావుల నీటినే త్రాగుచుండిరి. ఆ ప్రాంతము అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఏర్పడి, తరువాత ప్రకాశం పేరు పొందిన జిల్లాలో చేరినది.

1930 తరువాతి సంవత్సరములలో అక్కడి రైతుల దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోయెను. కొంతకాలమునకు మనుష్యులలో కూడ అదే బాధ కనబడెను. రోగికి నడుము వంగదు, మెడ తిరుగదు, ప్రక్కకు చూడవలెనన్న దేహమంతయు త్రిప్పవలెను. వ్యాధి ముదిరినచో కాళ్ళు చచ్చుపడును. పైకి చూచువారు దీనిని వాతరోగమని భ్రమపడుటకు ఎంతయో అవకాశము కలదు.

ఆ భ్రమను తొలగించినది ఎక్స్ రే ఫిల్ము. కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివి. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో బార్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లో ప్రారంభమైనది. షార్ట్, మక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు ఈ వ్యాధిని గూర్చి 1937లో ఒక పరిశోధన వ్యాసమును ప్రకటించిరి.

ఇట్టి రోగుల ఫిల్ములలో ఏమి కనబడును? ఎముకలోని కాల్షియము ఎక్స్ కిరణములను అడ్డగించును గనుక ఎముక ఫిల్ముపై తెల్లగా పడును. ఆరోగ్యవంతుని వెన్నుపూసలో సన్నని వలవంటి అల్లిక కనబడును. ఈ రోగి వెన్నుపూసలో ఆ అల్లిక మొదట ముతకబారి, తరువాత పూడిపోయి, పూసయంతయు సుద్దముక్కవలె తెల్లగా నుండును. మామూలుగా ఫిల్ముపై కనబడని బంధనములు కూడ ఎముకవలె గట్టిపడి కనబడును. ముంజేతిలోని రెండు ఎముకల నడుమనుండు పొర ఎముకగా మారుట ముఖ్యమైన గుర్తు. వాతరోగములలో ఇన్ని మార్పులు ఒక్కచోట చేరవు.

ఇట్టి ఛాయలు అంతకుముందే డెన్మార్కులో కనబడినవి. అక్కడ క్రయొలైట్ అను ఖనిజమును పొడిచేయు కార్మికుల ఊపిరితిత్తులను పరీక్షించుచుండగా, అనుకొనకుండ వారి ఎముకలు చిక్కబడియుండుట బయటపడెను. మోలర్, గుడ్యోన్సన్ అను వైద్యులు 1932లో దీనిని ప్రకటించిరి. అచ్చట ధూళి, ఇచ్చట నీరు. దోషి ఒక్కటే, ఫ్లోరిన్. నల్లసేనపురాతి వంటి శిలలలోని ఖనిజముల నుండి ఫ్లోరైడు నీటిలో కరగును. కాల్షియము తక్కువై క్షారగుణము గల నీటిలో అది మిక్కుటముగా నిలుచును. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఫ్లోరైడు ఎముకలో పేరుకొనును.

కథ అంతటితో ఆగలేదు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను గూర్చి వ్రాసెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక వింతను వెల్లడించిరి. అది మోకాళ్ళు లోనికి వంగిపోవు వ్యాధి. అట్టివారి ఫిల్ములలో వెన్నెముక చిక్కబడియుండగా కాళ్ళచేతుల ఎముకలు పలుచబడి యుండెను. నాగార్జునసాగరము నిండిన తరువాత భూగర్భజలము పెరిగి, నేలలోని ఇతర ధాతువుల పాళ్ళు మారుటయే దీనికి కారణము కావచ్చునని ఒక ఊహ చేయబడెను. డెల్టా పొలములకు ఊపిరియైన జలాశయమే ఎగువ గ్రామములకు ఇట్టి ప్రశ్నను తెచ్చినది.

ఎక్స్ రే ఫిల్ము ఎముకను చూపును గాని దాని నడుమ నలుగుచున్న వెన్నుపామును స్పష్టముగా చూపలేదు. ఆ కొరతను తీర్చినది అయస్కాంత క్షేత్రముతో పనిచేయు ఎం.ఆర్.ఐ. ఫ్లోరోసిస్ రోగుల నరములను చిరకాలము పరిశీలించిన హైదరాబాదు వైద్యుడు డి. రాజారెడ్డి, ఆయన సహచరులు 1993లో ఈ వ్యాధి చిత్రణమును గూర్చి వ్రాసిరి. వెన్నుపాము ఎచ్చట నొక్కుకొన్నదో తెలిసినచో శస్త్రవైద్యుడు అచ్చటి ఎముకను తొలగించి ఒత్తిడి తగ్గింపవచ్చును.

అయినను ఒక సత్యమును మరువరాదు. ఫిల్ముపై మార్పు కనబడునప్పటికే ఫ్లోరైడు ఎముకలో స్థిరపడియుండును. గట్టిపడిన బంధనములను తిరిగి మెత్తపరచు మందు లేదు. కావున అసలు చికిత్స నీటికే చేయవలెను. నదీజలమును గొట్టముల ద్వారా తెచ్చుట ఒక మార్గము. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు నల్లగొండ పద్ధతి మరొకటి. దీనిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించినది. ఇక తొలి సూచనకు ఏ యంత్రమును అక్కరలేదు. శాశ్వత దంతములు ఏర్పడు వయస్సులో ఇట్టి నీరు త్రాగిన పిల్లల పండ్లపై సుద్దవంటి తెల్లని చారలు, గోధుమరంగు మచ్చలు పడును. ఒక బడిలో పెక్కుమంది పిల్లల పండ్లు అట్లున్నచో, ఆ ఊరి నీటిని వెంటనే పరీక్షకు పంపవలెను. వెన్నెముక బిగియకముందే మేలుకొనుటకు అదే సమయము.