నలభై ఎనిమిది గంటల కథ

మన సంఘం సమావేశాలలో డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. అయితే పెన్షనుకు ముందు ఉద్యోగం ఉన్నది. ఆ ఉద్యోగానికొక వేళ, వారానికొక సెలవు అనే కట్టుబాట్లు ఉన్నాయి. అవి ఏ దొరగారి దయవల్లనో వచ్చినవి కావు. ఫ్యాక్టరీల తనిఖీ శాఖలో చాలాకాలం పనిచేసినవాణ్ణి గనుక, వారానికి 48 గంటలు అన్న అంకె మన చట్టంలోకి ఎలా వచ్చిందో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదనీ, పన్నెండేళ్ళ లోపు వారిచేత రోజుకు తొమ్మిది గంటలు మించి చేయించరాదనీ అందులో ఉంది. పెద్దవాళ్ళ పని గంటల ఊసే లేదు. ఆ చట్టం కావాలని పట్టుబట్టిన వారిలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు యజమానులు కూడా ఉన్నారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. బొంబాయి మిల్లులు ఎక్కువ గంటలు నడిచి చవకగా బట్ట అమ్ముతున్నాయని వారి బెంగ. అది స్వార్థమే. కాని ఒక దేశంలో మనిషి శ్రమ మరీ చవకైతే పక్క దేశంలో కూలి రేట్లు కూడా దిగజారుతాయన్న సంగతి ఆనాడే బయటపడింది. 1911లో గాని బట్టల మిల్లులలో మగవారికి రోజుకు పన్నెండు గంటల హద్దు రాలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో వెర్సాయి సంధి పత్రంలోనే ఒక భాగంగా అంతర్జాతీయ కార్మిక సంస్థను, అంటే ఐ.ఎల్.ఓ.ను ఏర్పాటు చేశారు. ఇందులో ఒక విశేషం ఉంది. ప్రతి దేశం నుంచీ ప్రభుత్వానికి ఇద్దరు, యజమానులకు ఒకరు, కార్మికులకు ఒకరు చొప్పున ప్రతినిధులు కూర్చుంటారు. ప్రభుత్వాలు మాత్రమే కూర్చునే సభ కాదన్నమాట. ఆ ఏడు అక్టోబరు 29న వాషింగ్టన్‌లో తొలి మహాసభ మొదలైంది. రోజుకు ఎనిమిది, వారానికి 48 గంటలు అన్నది వారి మొదటి ఒప్పందం.

మరి మనకు? మనకు 60 గంటలు! వాతావరణం వేరనీ, పరిశ్రమలు ఇంకా ఎదగలేదనీ బ్రిటిష్ ఇండియాకు ప్రత్యేకంగా ఒక నిబంధన రాశారు. జపానుకు 57 గంటలు. ఎండలో పనిచేసేవాడికి తక్కువ గంటలుండాలి గాని ఎక్కువెందుకో నాకు ఇప్పటికీ బోధపడదు. అయినా ఆ 60 కూడా ఒక మెట్టే. 1921లో మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. 1922లో చట్టం సవరించి రోజుకు 11, వారానికి 60 గంటలు చేశారు.

ఆ సభకు మన కార్మికుల తరఫున ఎన్.ఎం. జోషిగారు వెళ్ళారు. పంపింది ప్రభుత్వమే. ఎన్నుకోవడానికి దేశమంతటికీ ఒక కార్మిక సంఘం అప్పటికి లేదు. ఆ లోటు అందరికీ కనిపించింది. మరుసటి ఏడు, 1920 అక్టోబరు 31న, బొంబాయిలో లాలా లజపతిరాయ్‌గారి అధ్యక్షతన ఏ.ఐ.టి.యు.సి. పుట్టింది. జెనీవాలో మన కుర్చీ ఖాళీగా ఉండకూడదన్న పట్టుదల ఇక్కడ సంఘాన్ని పుట్టించిందన్నమాట.

1927లో ఆ కుర్చీలో మన తెలుగువారు వి.వి. గిరిగారు కూర్చున్నారు. బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో లా చదివి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన మనిషి ఆయన. తరువాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నారు. ఆయన రాష్ట్రపతి అయిన 1969లోనే ఐ.ఎల్.ఓ.కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

1934లో 60 కాస్తా 54 అయింది. డాక్టర్ అంబేద్కర్‌గారు వైస్రాయి కౌన్సిలులో లేబర్ సభ్యులుగా ఉన్న కాలంలో, 1946 సవరణతో 48కి దిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆ అంకెను నిలబెట్టింది. వాషింగ్టన్‌లో ఇతరులకు ఒక్క సభలో రాసిచ్చిన దానికి మనకు ఇరవై ఏడేళ్ళు పట్టింది! గంటలు తగ్గిస్తే పరిశ్రమ మునుగుతుందన్నారు. 1922 నుంచి 1939 దాకా బట్టల మిల్లుల సంఖ్య పెరిగింది. రక్షణ సుంకాలు కూడా తోడ్పడ్డాయనుకోండి. ఏమైనా గంటలు తగ్గినందువల్ల మిల్లులైతే మునగలేదు.

చట్టం ఒకటి, అమలు మరొకటి. తనిఖీకి వెళితే గేటు దగ్గర పని వేళల నోటీసు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేది. హాజరు రిజిస్టరులో అందరూ ఒకే నిమిషానికి వచ్చి ఒకే నిమిషానికి వెళ్ళేవారు! ఒక మిల్లులో భోజనాల వేళ కార్మికుల పక్కన కూర్చుని మాట్లాడితే గాని, రెట్టింపు కూలి కాగితం మీదే ఉందని తెలియలేదు.

మనబోటి ఉద్యోగులకు సంబంధించిన ముక్క ఒకటుంది. సంఘం పెట్టుకునే హక్కు, సామూహికంగా బేరమాడే హక్కు గురించిన 87, 98 నంబరు ఒప్పందాలను మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు. ప్రభుత్వోద్యోగులపై ఉన్న ఆంక్షలే కారణమని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. సంస్థకు మొదటినుంచీ సభ్యదేశమై ఉండీ ఇది మనకు వెలితే.

1999లో ఐ.ఎల్.ఓ. గౌరవప్రదమైన పని అన్న మాటను తన లక్ష్యంగా ప్రకటించింది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న పదిహేడు లక్ష్యాలలో ఎనిమిదవది అదే: గౌరవమైన పని, నిలకడైన ఆర్థికాభివృద్ధి. రెండింటినీ ఒకే వాక్యంలో చేర్చడం సబబుగా ఉంది.

పదేళ్ళు తిరిగాయి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీలలో రోజు పనిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల అదనపు పనిని 75 నుంచి 144 గంటలకు పెంచాలని తీర్మానించింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటలు అనుమతించింది. రెండు చోట్లా వారానికి 48 గంటల గీతను మాత్రం చెరపలేదు. నవంబరు 21న 1948 చట్టం స్థానంలో కొత్త కోడ్ అమలులోకి వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికొక సెలవు అని అందులోనూ ఉంది. ఇక ఆ 144 గంటలకు రెట్టింపు కూలి చేతికి అందుతున్నదా లేదా అన్నది గేటు దగ్గరి నోటీసు చెప్పదు, భోజనాల వేళ పక్కన కూర్చుని అడగాలి.