డిస్కు బ్రేకు పుట్టుపూర్వోత్తరములు

ఘాటు రోడ్డు దిగివచ్చిన లారీని ఒక ప్రక్కగా ఆపి, డ్రైవరు చక్రములవంక అనుమానముగా చూచుట కొండదారులలో ప్రయాణించిన వారెరిగిన దృశ్యమే. చక్రముల నుండి కమురు వాసన వచ్చుచుండును. ఇంజను బాగుగనే యున్నది, టైర్లు బాగుగనే యున్నవి. అయినను కొంతసేపు గడవనిదే అతడు బండిని కదలింపడు. బ్రేకులు చల్లారవలెను. వేడితో బ్రేకునకు గల ఈ పేచీ కార్లు పుట్టిన నాటి నుండియు ఉన్నదే. వేగముగ పోవు కార్ల బ్రేకులను బాగుచేయ బూనిన వారందరు మొదట దీనితోనే తలపడవలసి వచ్చినది.

బ్రేకు వేగమును మాయము చేయునని పలువురు తలంతురు. శక్తి నశింపదని పాఠశాలలో చదివిన సూత్రము ఇచ్చటను వర్తించును. పరుగిడు కారునందలి గతిజ శక్తి ఘర్షణ వలన ఉష్ణముగా మారును. బ్రేకు చేయునది ఈ మార్పిడి మాత్రమే. 1000 కిలోగ్రాముల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని గతిజ శక్తి సుమారు 3,86,000 జౌళ్ళు. 20 డిగ్రీల సెంటీగ్రేడున నున్న ఒక లీటరుకు పైగా నీటిని మరుగుస్థానమునకు తెచ్చుటకు ఇది చాలును. అదే కారు 200 కిలోమీటర్ల వేగముతో పోయినచో శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. ఏలయన గతిజ శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. ఆ శక్తి యంతయు ఏడెనిమిది సెకండ్లలో 20 కిలోగ్రాముల ఇనుములోనికి చేరినచో ఇనుము ఉష్ణోగ్రత సుమారు 170 డిగ్రీలు పెరుగును. ఇనుము విశిష్టోష్ణమును తీసికొని విద్యార్థులు ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును. ఇది ఒక్కమారు ఆపినప్పటి మాట. వేడి ఆరకముందే మరల వేగమందుకొని, మరల ఆపవలసి వచ్చినచో?

ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమున ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లో ఒక బ్రేకునకు పేటెంటు పొందెను. విమానశాస్త్రములో కూడ పేరు పొందిన మేధావి యతడు. చక్రముతో పాటు తిరుగు పలుచని లోహపు బిళ్లను రెండు వైపుల నుండి దవడలతో పట్టుకొన్నట్లు నొక్కుట అతని పద్ధతి. నేటి డిస్కు బ్రేకు సూత్రము ఇదియే. సైకిలు బ్రేకులో రెండు రబ్బరు ముక్కలు చక్రపు రిమ్మును ఇరువైపుల నుండి నొక్కుట చూచినవారికి దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. కాని లాంచెస్టర్ వాడిన రాగి ముక్కలు బిళ్లను ఒరసికొన్నప్పుడు చెవులు చిల్లులు పడునట్లు కీచుమనెడివి. తరువాత హెర్బర్ట్ ఫ్రూడ్ అను నతడు బ్రేకులలో ఆస్‌బెస్టాస్ లైనింగును వాడుకలోనికి తెచ్చెను. అది వేడికి తాళెను, చప్పుడును తగ్గించెను. దాని ధూళి ఊపిరితిత్తులను పాడుచేయునని లోకమునకు బాగుగ తెలిసి, బ్రిటనులో దానిని పూర్తిగ నిషేధించుట 1999 నాటి మాట.

లాంచెస్టర్ బ్రేకు మూలబడినది. కార్లన్నిటికి డ్రమ్ము బ్రేకే వచ్చినది. ఇందు గిన్నె వంటి డ్రమ్ము చక్రముతో పాటు తిరుగును. పెడల్ నొక్కగా దాని లోపల నుండు రెండు వంపు షూలు విచ్చుకొని డ్రమ్ము గోడను ఒరసికొనును. ఇందొక సుగుణము కలదు. ముందు వైపు షూను తిరుగుచున్న డ్రమ్మే తనవైపు లాగికొనును. కావున డ్రైవరు కొంచెము నొక్కినను బ్రేకు గట్టిగ పట్టును. 1921లో డ్యూసెన్‌బర్గ్ కార్లకు నాలుగు చక్రముల మీదను ద్రవపీడనముతో పనిచేయు బ్రేకులు అమర్చిరి. పాస్కల్ నియమమునకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. ఆ ఏడు ఫ్రాన్సులో లె మాన్స్ వద్ద జరిగిన గ్రాండ్ ప్రీ పందెమును అట్టి కారులోనే జిమ్మీ మర్ఫీ గెలుచుకొనెను.

సుగుణమే దోషమైనది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూల నుండి దూరముగ జరుగును; పెడల్ మరింత లోతునకు పోవలసి వచ్చును. లైనింగు మితిమీరి వేడెక్కినచో దాని ఘర్షణ తగ్గును. షూను లాగు శక్తి కూడ ఆ ఘర్షణ మీదనే ఆధారపడి యున్నందున, ఘర్షణ కొంచెము తగ్గగనే బ్రేకు బలము చాల తగ్గిపోవును. నాలుగు డ్రమ్ములును ఒకే విధముగ వేడెక్కవు గనుక కారు ఒక ప్రక్కకు లాగును. పందెపు డ్రైవర్లు దీనిని ఫేడు అందురు. మలుపు ఎదుట నుండగా కాలి క్రింద బ్రేకు కరగిపోవుచున్నట్లుండుట ఎంతటి భయమో ఊహించుకొనవలసినదే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమునకు విమానములు బరువెక్కెను. నేలకు దిగు విమానపు చిన్న చక్రములలో డ్రమ్ములు ఆ వేడికి తాళజాలవు. విమానముల కొరకు డిస్కు బ్రేకులు చేసిన డన్‌లప్ కంపెనీ, యుద్ధానంతరము జాగ్వార్ కంపెనీతో కలిసి వానిని కార్లకు తెచ్చుటకు పూనుకొనెను. పరీక్షా డ్రైవరు నార్మన్ డ్యూయిస్ నెలల తరబడి ఆ కారును తోలి ఆపి, తోలి ఆపి చూచెను. మొదట దొరికినవన్నియు లోపములే. డిస్కు వేడి గొట్టములలోని బ్రేకు ఆయిలును మరిగించెను. ద్రవమును అణచలేము గాని బుడగను అణచవచ్చును. ఆయిలు మరిగి బుడగలు పుట్టగనే పెడల్ నేలకు అంటుకొనును. మలుపులలో డిస్కు కొంచెము ఊగి ప్యాడ్లను వెనుకకు నెట్టుటయు జరిగెను. 1952లో స్టెర్లింగ్ మాస్ ఇట్టి కారుతో ఇటలీలోని మిల్లే మిల్యా పందెమునకు పోయెను. పూర్తిచేయలేకపోయెను గాని తప్పు బ్రేకులది కాదు. ఆ జూనులోనే రీమ్స్ వద్ద అతడు గెలిచెను. అదే ఏడు లె మాన్స్ పందెమునకు మాత్రము జాగ్వార్ వారు ధైర్యము చాలక డ్రమ్ములతోనే వెళ్లిరి. కారు ముక్కు ఆకారము మార్చినందున ఇంజన్లు వేడెక్కి మూడు కార్లును ఆగిపోయెను. వేడి ఒకచోట కాకున్న మరియొకచోట పగతీర్చుకొన్నట్లున్నది!

1953లో సందేహములు తీరినవి. లె మాన్స్ పందెము 24 గంటలు సాగును. చుట్టు పొడవు సుమారు 13.5 కిలోమీటర్లు. అందు ముల్సాన్ అను సూటిదారి చివర, గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగము నుండి ఒక్కసారిగ తగ్గి కుడివైపునకు తిరుగవలెను. గెలువదలచినవాడు ఈ పని రాత్రింబవళ్లు 300 మార్లు చేయవలెను. డ్రమ్ములు గలవారు వానిని కాపాడుకొనుటకు ముందుగనే కాలు మోపుచుండగా, జాగ్వార్ డ్రైవర్లు మరికొంత దూరము పూర్తి వేగముతో పోయి అటుపిమ్మట ఆపిరి. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ 304 చుట్లు తిరిగి, గంటకు సగటున 170 కిలోమీటర్ల వేగముతో గెలిచిరి. రెండవ, నాలుగవ స్థానములును జాగ్వార్లకే దక్కెను. డిస్కు గాలికి తెరచియుండును. వేడెక్కి మందమైనను ప్యాడ్ల వైపునకే జరుగును గాని దూరము కాదు. డ్రమ్మువలె తనంతట తాను లాగికొనదు కనుక పెడల్‌ను గట్టిగ నొక్కవలెను. ఈ కొరతను తీర్చుటకు గేరుబాక్సుతో తిరుగు పంపు సాయము పెట్టిరి.

రెండేండ్ల తరువాత అదే చోట, 1955 జూన్ 11న, ఘోరము జరిగినది. మెర్సిడెస్ వారు డ్రమ్ములనే ఉంచుకొని, వానికి తోడుగ కారు వెనుక భాగమున గాలికి అడ్డము లేచు పెద్ద రేకును అమర్చియుండిరి. విశ్రాంతి స్థలమున ఆగుటకై మైక్ హాథార్న్ తన జాగ్వార్ వేగమును తగ్గించెను. వెనుక వచ్చు ఆస్టిన్-హీలీ ప్రక్కకు తప్పుకొనెను. దానిని పియర్ లెవే నడుపు మెర్సిడెస్ ఢీకొని జనములోనికి ఎగిరిపడెను. లెవేతో సహా 80 మందికి పైగా మరణించిరి. తప్పెవరిదను వివాదము చిరకాలము సాగినది. బ్రేకుల మీదనే నేరము మోపుట న్యాయము కాదు. దారి ఇరుకు, విశ్రాంతి స్థలమునకు అడ్డుగోడ లేదు. అయినను ముందున్న కారు ఎంత త్వరగ ఆగునో వెనుకవానికి అంత తక్కువ వ్యవధి మిగులునన్నది అందరికి అర్థమైనది.

ఆ అక్టోబరులోనే పారిస్ ప్రదర్శనలో సిట్రొయెన్ డి.ఎస్. కారు ముందు చక్రములకు డిస్కులతో వచ్చెను. క్రమముగ ఇవి సామాన్యుల కార్లకును వ్యాపించినవి.

నేడు కారు బ్రేకులను పందెమునకు తగినట్లు మార్చుకొనువారు పెద్ద డిస్కులు కొని తెచ్చినంత మాత్రమున కారు తక్కువ దూరములో ఆగుననుకొందురు. చక్రములను బిగబట్టగల బ్రేకు ఇదివరకే యున్నచో, ఆగు దూరమును నిర్ణయించునది టైరునకు రోడ్డునకు గల ఘర్షణయే. ఘర్షణ గుణకము 0.8 అయినచో, 100 కిలోమీటర్ల వేగము నుండి ఆగుటకు ఎంత గొప్ప బ్రేకునకైనను 49 మీటర్లు కావలెను. పెద్ద డిస్కు లాభము పదవమారు ఆపునప్పుడు తెలియును. దానికన్న ముందు చూడవలసినది బ్రేకు ఆయిలు. డాట్ 4 రకము ఆయిలు క్రొత్తదైనప్పుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగదు; గాలిలోని తేమను పీల్చుకొన్న తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చును. డ్యూయిస్ ఎదుర్కొన్న బుడగలే పాత ఆయిలు గల కారులో మరల పుట్టును.

ప్యాడ్ల సంగతి ఇంకను విచిత్రము. పందెపు ప్యాడ్లు వేడెక్కనిదే సరిగ పట్టవు. వానిని బిగించుకొని ఉదయమున బజారునకు బయలుదేరినవాడు మొదటి కూడలిలోనే చిక్కులో పడును. ఫార్ములా వన్ కార్ల కార్బను డిస్కులైతే కొన్ని వందల డిగ్రీల వేడి లేనిదే పనిచేయవు. ఎఱ్ఱగా కాలుచున్నప్పుడే వాని బలము. అందుచేత పందెము మొదలగుటకు ముందు తిరుగు చుట్టులో ఆ డ్రైవర్లు మాటిమాటికి పెడల్ నొక్కుచు, బ్రేకులను బుద్ధిపూర్వకముగ వేడిచేసికొందురు.