దొరల తెలుగు చదువు

కంపెనీ దొరలు తెలుగు నేర్చుకోవటాన్ని గురించి రాసేటప్పుడు మనవాళ్లు సాధారణంగా వాళ్ల భాషాభిమానంతో మొదలుపెట్టి మన కృతజ్ఞతతో ముగిస్తూ ఉంటారు. ఆ చదువు వెనకనున్న శిస్తు లెక్కలు ఎవరికీ గుర్తురావు.

1800లో వెల్లస్లీ కలకత్తాలో ఫోర్టు విలియం కళాశాల స్థాపించాడు. ఖర్చు చూసి బెదిరిన డైరెక్టర్లు 1806లో ఇంగ్లండులోనే మరొక కళాశాల తెరిచారు. హెయిలీబరీ కళాశాలగా పేరుపొందిన దానిలో ప్రవేశానికి డైరెక్టర్ల సిఫారసు కావాలి. అక్కడ అర్థశాస్త్రం చెప్పినవాడు మాల్థస్. (జనం పెరిగితే కరువు తప్పదన్న పండితుని శిష్యులు మన కరువు జిల్లాలకు కలెక్టర్లుగా దిగారన్నమాట!)

మద్రాసు సంగతి వేరు. 1800లో దత్తమండలాలు కంపెనీ వశమయ్యాక మన్రో అక్కడ రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. మధ్యన జమీందారు లేడు గనుక కలెక్టరు రైతుతోనూ కరణంతోనూ స్వయంగా వ్యవహరించాలి. భాష రాని దొర దుబాసీ చేతిలో కీలుబొమ్మ. 1812లో ఎల్లిస్ పూనికతో సెంట్ జార్జి కోట కళాశాల వెలిసిందంటే, ఆ అవసరమే ముఖ్యకారణం. కుర్రదొరలు దేశభాషల పరీక్షలు నెగ్గితే భత్యం పెరిగేది.

అయినా చదువు ఒక్కొక్కప్పుడు యజమాని గీసిన గిరి దాటుతుంది. 1816లో అచ్చయిన కాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో ఎల్లిస్, తెలుగు సంస్కృతజన్యం కాదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందిందనీ నిరూపించాడు. కాల్డ్వెల్ గ్రంథం వెలువడింది ఆ తర్వాత 40 ఏళ్లకు. ఎల్లిస్‌కు ఆధారమైన ధాతువుల పట్టిక కూర్చినవాడు కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి. కాల్డ్వెల్ పేరు మన విద్యార్థులకు తెలుసు; శాస్త్రిగారి పేరు ఎందరికి తెలుసు? హెయిలీబరీలో చదివి 1817లో మద్రాసు చేరిన బ్రౌన్ ఇక్కడే తెలుగు నేర్చి 1820లో కడపకు వెళ్లాడు. తర్వాత వేమన కోసం ఆయన పడ్డ శ్రమ ఏ పరీక్షకూ అక్కరలేనిది.

1854లో ఈ కళాశాల మూతపడింది. ఆ ఏడే మెకాలే సంఘం పోటీపరీక్షలను సూచించింది. 1855లో మొదటి పరీక్ష జరిగింది, 1858లో హెయిలీబరీ కూడా పోయింది. సిఫారసు పోయి ప్రతిభ వచ్చిందని చరిత్రకారులు సంతోషిస్తారు. మార్కులు చూడండి: గ్రీకుకు 750, లాటినుకు 750, సంస్కృతానికి 375. తెలుగుకు సున్న. ఎంపికయ్యాక నేర్చుకుంటే చాలన్నారు. పరీక్ష జరిగేది లండన్‌లో. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు నెగ్గాడు. 1878 నుంచి వయఃపరిమితి 19కి దించారు; ఇక్కడ పట్టా పుచ్చుకుని ఓడ ఎక్కేలోగానే మన కుర్రవాడికి వయస్సు దాటిపోయేది. ఇండియాలోనూ పరీక్ష పెట్టటానికి 1922 దాకా పట్టింది. స్వతంత్రం వచ్చాక, ప్రశ్నపత్రాలకు తెలుగులో జవాబులు రాసే వీలు విరివిగా కలిగింది 1979లో. అప్పుడు కూడా ఇంగ్లీషు పత్రం ఒకటి నెగ్గక తప్పలేదు.